ఒక్క గిన్నె అట్లపిండి, నాలుగు రోజుల టిఫిన్లు: దిబ్బరొట్టె నుంచి బండి పునుగుల దాకా

సాయంత్రం ఐదున్నర దాటిందంటే విజయవాడలో ఏ సందు మలుపు తిరిగినా నూనె కాగుతున్న వాసన తగులుతుంది. సత్యనారాయణపురం కానీ, పటమట కానీ, వన్‌టౌన్ కానీ, ఒక తోపుడు బండి, దాని మీద పెద్ద మూకుడు, చుట్టూ పది మంది చేతుల్లో కాగితం ప్లేట్లు. ఆ పునుగులంటే నాకు చాలా ఇష్టం. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలకి వారానికి నాలుగు రోజులు బయట కొనిపెట్టడానికి మాత్రం మనసొప్పదు, నల్లబడిన నూనె చూశాక అసలే ఒప్పదు. అందుకని కొన్నేళ్లుగా సాయంత్రం చిరుతిండీ, సెలవు రోజుల్లో మధ్యాహ్నం తేలికపాటి భోజనమూ ఇంట్లోనే నడిపిస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూ ఇది ఎలా కుదురుతుందని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. రోజుకో కొత్త వంటకం వెతుక్కోవద్దు, ఒక గిన్నెడు పిండి రుబ్బి పెట్టుకుని అది ఏ రోజు ఏ తీరున ఉందో చూసి దానికి తగ్గ టిఫిన్ చెయ్యండి. తియ్యగా ఉన్న పిండికి అట్టు, బాగా పొంగిన పిండికి దిబ్బరొట్టె, కాస్త పులిసిన పిండికి పొంగణాలు, బాగా పులిసిన పిండికి పునుగులు. పులిసిందని చాలామంది పారబోసే పిండే పునుగులకి అన్నిటికన్నా మంచి పిండి.

ముందు పిండి సంగతి

నలుగురున్న ఇంటికి లెక్క చెబుతాను. గ్లాసు అంటే మామూలు 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు. మినపగుళ్లు రెండు గ్లాసులు, బియ్యం నాలుగు గ్లాసులు, మెంతులు ఒక చెంచా, అటుకులు ఒక గుప్పెడు. హోటల్లో ఇచ్చే కరకరలాడే పల్చటి అట్టు కావాలంటే ఒకటికి మూడు బియ్యం పొయ్యాలి కానీ, ఆ పిండితో దిబ్బరొట్టె మెత్తగా రాదు. ఒకటికి రెండు అయితే అన్నిటికీ పనికొస్తుంది. బియ్యం దగ్గర ఒక మాట. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అంటే మనం రోజూ తినే సాంబమసూరి, అన్నానికి ఎంత బాగుంటుందో పిండికి అంత బాగుండదు. దొడ్డు బియ్యం, రేషన్ బియ్యం అయినా సరే, రుబ్బితే పిండి బాగా పొంగుతుంది. కొత్త బియ్యం మాత్రం వద్దు, అట్టు పెనానికి అంటుకుని ఏడిపిస్తుంది.

మినపగుళ్లలో మెంతులు వేసి, బియ్యం వేరే గిన్నెలో, రెండూ రెండు మూడు సార్లు కడిగి నానబెట్టండి. నాలుగు గంటలు చాలు. ఎండాకాలంలో మినపగుళ్లకి మూడు గంటలే ఎక్కువ. రాత్రంతా నానబెడితే జిగురు నీళ్లలోకి దిగిపోయి రుబ్బు ఒదగదు. అటుకులు రుబ్బే పది నిమిషాల ముందు తడిపితే సరిపోతుంది.

గ్రైండర్ ఉంటే దిగులే లేదు. మిక్సీ అయితే జార్ వేడెక్కి పిండి కూడా వేడెక్కుతుంది, అప్పుడు రుబ్బు బిగుసుకుపోతుంది. అందుకని ఫ్రిజ్‌లో నీళ్లు వాడండి, ఒకేసారి కాకుండా మూడు నాలుగు వాయిలుగా వెయ్యండి, నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ ఆపి ఆపి తిప్పండి. మినప రుబ్బు ఎప్పుడు సరిపోయిందో తెలుసుకోవడానికి మా అమ్మ నేర్పిన పద్ధతి ఉంది. గిన్నెలో నీళ్లు తీసుకుని చిన్న ఉండ రుబ్బు అందులో వెయ్యండి. తేలితే అయినట్టు, మునిగితే ఇంకో రెండు తిప్పులు తిప్పాలి. తేలడమంటే అందులో గాలి చేరిందని అర్థం, ఆ గాలే రేపు మీ రొట్టెని పొంగిస్తుంది. బియ్యం మాత్రం మరీ వెన్నలా కాకుండా వేలి మధ్య సన్నటి రవ్వ తగిలేలా రుబ్బి, రెండూ కలిపి, చేత్తో ఒక రెండు నిమిషాలు కింది నుంచి పైకి ఎత్తి కలపండి. గరిటెతో కాదు, చేత్తోనే.

గిన్నె సగానికి మించి నింపొద్దు. మూత వదులుగా పెట్టండి.

ఇక పొంగడం. దీనికి గడియారం చూసుకుంటే మన ఊళ్లో కుదరదు, కాలం చూసుకోవాలి. మే నెలలో సాయంత్రం ఆరింటికి రుబ్బిన పిండి రాత్రి పదకొండింటికే అంచు దాకా వచ్చేస్తుంది. పొద్దున చూసుకుందాంలే అని పడుకుంటే గట్టు మీద సగం పిండి ఉంటుంది, మిగిలిన సగం అప్పటికే పులిసిపోయి ఉంటుంది. డిసెంబర్‌లో అదే పిండి పొద్దున ఎనిమిదింటిదాకా కదలదు. మినప్పప్పు మీద సహజంగానే ఉండే సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరల్ని తిని గ్యాసునీ పులుపునీ వదులుతాయి, ఆ గ్యాసుని మినప జిగురు పట్టి ఉంచుతుంది, పొంగడమంటే ఇదే. వేడి ఉంటే అవి చురుగ్గా పనిచేస్తాయి, ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తాయి, కానీ పూర్తిగా ఆగవు. అందుకే ఫ్రిజ్‌లో ఉన్నా రోజురోజుకీ పులుపు పెరుగుతుంది, మనం వాడుకునేది ఆ పెరుగుదలనే.

పొంగగానే పిండిని గట్టిగా కలిపెయ్యకుండా రెండు డబ్బాల్లోకి సర్దండి. ఒకటి మొదటి రెండు రోజులకి, రెండోది మూడు నాలుగు రోజులకి. రెండో డబ్బా మధ్యలో తియ్యొద్దు. ఒకే డబ్బాని రోజుకి నాలుగుసార్లు తీసి, గరిటె పెట్టి, గట్టు మీద అరగంట వదిలేస్తే రెండో రోజుకే నాలుగో రోజు పిండి అయిపోతుంది. ఉప్పు కూడా డబ్బాలో వెయ్యను, ఏ పూటకి ఎంత తీసుకుంటే అంతవరకే వేస్తాను.

మొదటి రోజు: ఉల్లిపాయ అట్టు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీ అందరికీ వచ్చిందే. పిండిని కాస్త జారుగా చేసుకుని, పెనం బాగా కాలాక నీళ్లు చిలకరించి తుడిచి, మంట తగ్గించి అట్టు వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లి అట్లకాడతో మెల్లిగా అద్దండి. మొదటి రోజు పిండి తియ్యగా ఉంటుంది, చిన్నపిల్లలకి ఇదే నచ్చుతుంది. ఇనప పెనం మీద మొదటి అట్టు అంటుకుంటే సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా రుద్దండి, రెండోది నుంచి శుభ్రంగా లేస్తుంది.

రెండో రోజు: దిబ్బరొట్టె, అదే మధ్యాహ్నం భోజనం

ఆదివారం పొద్దున ఆలస్యంగా లేచిన ఇంట్లో పదకొండున్నరకి దిబ్బరొట్టె వేసుకుంటే మళ్లీ సాయంత్రం దాకా వంటింటి మొహం చూడక్కర్లేదు. గుంటూరులో మా అత్తయ్యగారు దీన్ని చిన్న ఇత్తడి గిన్నెలో, పైన మూత మీద నిప్పులు వేసి కాల్చేవారు. ఇప్పుడు గ్యాసు పొయ్యి మీద అంత అక్కర్లేదు కానీ అడుగు మందంగా ఉన్న మూకుడు మాత్రం తప్పనిసరి. నా దగ్గర ఉన్నది జానెడు వెడల్పు ఇనప మూకుడు.

ముందు పిండిని ఫ్రిజ్‌లోంచి తీసి ముప్పావు గంట బయట పెట్టండి. చల్లటి పిండి పోస్తే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. మూడు గరిటెల పిండిలో ఉప్పు, ఒక చెంచా జీలకర్ర, సన్నగా తరిగిన అల్లం ముక్కలు, కరివేపాకు తుంపి వేసి, రెండు చుట్లు కలిపి ఆపెయ్యండి. ఎక్కువ కలిపితే గాలి పోతుంది. పిండి గట్టిగా ఉండాలి, గరిటె నుంచి ధారగా కాకుండా ముద్దగా జారాలి. జారుగా ఉంటే రెండు చెంచాల బియ్యపు రవ్వ కలిపి పావుగంట ఆగండి.

మూకుట్లో మూడు నాలుగు చెంచాల నూనె వేసి, అంచుల దాకా తిప్పి, వేడెక్కాక మంట పూర్తిగా తగ్గించి పిండి పొయ్యండి, అంగుళం మందం వచ్చేలా. మూత పెట్టండి. ఇప్పుడు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చెయ్యి పెట్టకూడదు. మూత తీసి చూడాలనిపిస్తుంది, చూడొద్దు, లోపల ఆవిరితోనే పై భాగం ఉడుకుతుంది. పది నిమిషాలు దాటాక మూకుడు దగ్గర చెవి పెడితే మొదట్లో గట్టిగా వినపడిన చిటపట చప్పుడు సన్నగా తగ్గి ఉంటుంది, పెసరపప్పు వేయించినప్పుడు వచ్చే లాంటి వాసన వస్తుంది. అప్పుడు మూత తీస్తే పైన తడి ఆరి చిన్న చిన్న బొక్కలు కనపడతాయి. అట్లకాడ అంచుల వెంట చుట్టూ తిప్పి, ఒక్కసారిగా తిరగేసి, రెండో వైపు మూత లేకుండా ఐదారు నిమిషాలు కాల్చండి. అడుగు ముదురు ఎరుపులో, గోరుతో తట్టితే టకటకమనాలి. లోపల దూదిలా ఉండాలి.

దీన్ని వెంటనే కోస్తే నడుమ ముద్దలా అనిపిస్తుంది. ఐదు నిమిషాలు ఆగి నాలుగు ముక్కలు చెయ్యండి. మనిషికి రెండు ముక్కలు, అల్లప్పచ్చడి కానీ కొత్త ఆవకాయ కానీ పక్కన ఉంటే భోజనం అయిపోయినట్టే. తీపి ఇష్టపడేవాళ్లు బెల్లం పాకంతో తింటారు, మా ఇంట్లో పెద్దవాళ్లది అదే పద్ధతి.

మూడో రోజు: గుంట పొంగణాలు

నూనె తక్కువ కావాలనుకునే రోజు ఇవి. పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, తురిమిన క్యారెట్, కొత్తిమీర కలపండి. ఒక చిన్న పోపు, అంటే ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, కరివేపాకు, వేసి కలిపితే రుచి రెట్టింపవుతుంది, ఈ ఒక్క పనీ బద్ధకించొద్దు. గుంటల్లో తలా నాలుగు చుక్కల నూనె, ముప్పావు వంతు పిండి, మూత, సన్న సెగ మీద మూడు నిమిషాలు. చెంచా తోకతో తిప్పి ఇంకో రెండు నిమిషాలు. స్కూలు డబ్బాకి ఇంతకన్నా మంచిది లేదు, చల్లారినా మెత్తగానే ఉంటాయి, చేతికి అంటవు.

నాలుగో రోజు: పునుగులు

అసలు ఈ రాతంతా దీని కోసమే మొదలుపెట్టాను.

నాలుగో రోజు పిండి మూత తియ్యగానే ముక్కుకి పుల్లటి వాసన తగులుతుంది, పైన కొంచెం నీళ్లు తేలతాయి. అది పాడవడం కాదు. కానీ గులాబీ రంగు చారలో, నల్లటి, పచ్చటి బూజో కనపడినా, పులుపు కాకుండా కుళ్లు వాసన వచ్చినా మొత్తం పారెయ్యండి, పైది తీసేసి కింది పిండి వాడొద్దు.

పిండి మూడు గ్లాసులు ఉందనుకోండి. అందులో అర గ్లాసు మైదా లేదా పావు గ్లాసు బొంబాయి రవ్వ, రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి. బండి మీద మైదానే వేస్తారు, దానితో లోపల సాగినట్టుగా మెత్తగా వస్తుంది. నేను రవ్వ వేస్తాను, పైన కరకర ఎక్కువ, చల్లారాక కూడా గట్టిపడదు. రవ్వ వేస్తే మాత్రం ఇరవై నిమిషాలు నాననివ్వాలి. నానకపోతే రవ్వ నూనెలో తేలి మూకుడంతా నల్లటి పొడి పేరుకుంటుంది. తర్వాత పెద్ద ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి నాలుగు, చిన్న అల్లం ముక్క, చెంచా జీలకర్ర, కరివేపాకు, సరిపడా ఉప్పు. ఉల్లిపాయ మరీ సన్నగా తరిగితే నీరు వదిలి పిండి జారిపోతుంది, కొంచెం పెద్ద ముక్కలే మంచిది, ఇంకా వాటిని నూనె పొయ్యి మీద పెట్టాకే కలపండి. వంటసోడా అక్కర్లేదు. పులిసిన పిండిలో గ్యాసు ఎలాగూ ఉంది, దాని మీద సోడా వేస్తే పునుగు స్పాంజిలా నూనె పీలుస్తుంది.

పిండి ఎంత గట్టిగా ఉండాలి అన్నదే అందరూ తప్పే చోటు. చేత్తో కొంచెం తీసి బోర్లిస్తే వెంటనే పడకూడదు, ఒక క్షణం వేళ్లని పట్టుకుని, తర్వాత ముద్దగా జారాలి. జారుడుగా ఉంటే నూనెలో తోకలు వస్తాయి, గట్టిగా ఉంటే గుండ్రాళ్లలా అవుతాయి.

నూనె మూకుట్లో కనీసం రెండున్నర అంగుళాల లోతు ఉండాలి. తక్కువ నూనెలో పునుగు అడుగుకి తగిలి ఒక వైపు చదునుగా అవుతుంది. పిండి చుక్క వేస్తే అడుగుకి వెళ్లి రెండు క్షణాల్లో పైకి రావాలి. వెయ్యగానే పైనే తేలి ఎర్రబడితే నూనె ఎక్కువ కాగింది, పొయ్యి ఆపి నిమిషం ఆగండి. అడుగునే ఉండిపోతే ఇంకా కాగలేదు.

ఇక వెయ్యడం. మా వీధి చివర బండి ఆయన చెయ్యి చూస్తూ నేర్చుకున్నాను. పక్కన గిన్నెలో నీళ్లు ఉంటాయి. కుడి చేతి వేళ్లు అందులో ముంచి, ఒకసారి విదిలించి, నాలుగు వేళ్లూ దగ్గరికి చేర్చి వాటి మీదకి పిండి తీసుకుంటారు. చెయ్యి నూనెకి బాగా దగ్గరగా, మూకుడు అంచు దగ్గరికి తెస్తారు, ఎత్తు నుంచి వేస్తేనే నూనె చిందుతుంది మరి. అప్పుడు బొటనవేలు చూపుడువేలు పక్క నుంచి ముందుకి తోస్తుంది, ఒక్కో తోపుకి ఉసిరికాయంత పిండి ముద్ద జారి పడుతుంది. ఆరేడు తోపులకి ఒక చేతి పిండి అయిపోతుంది, మళ్లీ నీళ్లు, మళ్లీ విదిలింపు. విదిలించడం మర్చిపోతే నీటి చుక్క నూనెలో పడి చిట్లుతుంది, నాకు మణికట్టు మీద ఇంకా మచ్చ ఉంది. చేత్తో భయమైతే రెండు చెంచాలు వాడండి, ఒకదాంతో తీసి ఇంకోదాంతో తొయ్యండి, ఆకారం అటూ ఇటుగా వచ్చినా రుచిలో తేడా ఏమీ ఉండదు.

మూకుడు నిండా వెయ్యొద్దు, సగం ఖాళీ ఉండాలి. వేశాక అర నిమిషం కదపకండి. తర్వాత చిల్లుల గరిటెతో ఒకసారి అడుగు నుంచి కదిపితే చాలు, చాలా పునుగులు వాటంతట అవే బోర్లా పడతాయి. మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు. పెద్ద మంట మీద చేస్తే పైన రంగు తొందరగా వచ్చి లోపల పచ్చిపిండి మిగులుతుంది, ఒకోసారి పైపొర గట్టిపడిపోయి లోపలి ఆవిరికి దారి లేక పునుగు పేలుతుంది కూడా. నూనెలో బుడగలు తగ్గాయంటే లోపలి తడి అయిపోవచ్చినట్టే. తేనె రంగు దాటి కొంచెం ఎరుపు తిరగ్గానే తీసి, ప్లేట్లో కుప్పగా కాకుండా జల్లెడ మీద విడివిడిగా వెయ్యండి. కుప్పగా పోస్తే వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి.

మొదటి వాయిలో ఒకటి విరిచి చూడండి. లోపల తేనెతుట్టెలా చిన్న చిన్న గదులు, అంచున ఉల్లిపాయ ముక్క కొంచెం కాలి కనపడాలి. ముద్దగా ఉంటే మిగతా పిండిలో ఒక చెంచా బియ్యప్పిండి కలిపి, మంట తగ్గించండి. నూనె పీల్చినట్టు ఉంటే నూనె సరిగా కాగలేదని అర్థం.

పక్కన ఏం ఉండాలి

పునుగులకి బండి మీద ఇచ్చే పల్లీ చట్నీ పల్చగా ఉంటుంది, పోసుకుంటే పునుగు అందులో తేలాలి. ఒక గ్లాసు వేరుశనగ గుళ్లు సన్న సెగ మీద ఓపిగ్గా వేయించి పొట్టు తియ్యండి. అదే మూకుట్లో చెంచా నూనెతో ఏడెనిమిది పచ్చిమిర్చి వేయించి, గోలీకాయంత చింతపండు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి మిక్సీ పట్టండి. ముందు గట్టిగా మెత్తగా రుబ్బి, తర్వాతే నీళ్లు పోసి పలుచన చెయ్యాలి, ముందే నీళ్లు పోస్తే పల్లీ పలుకులుగా మిగులుతుంది.

పల్లీలు లేని రోజు బొంబాయి చట్నీ. రెండు పెద్ద చెంచాల శనగపిండి రెండు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టుకోండి. పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఒక టమాటా మగ్గించి, పసుపు, ఉప్పు వేసి ఆ నీళ్లు పోసి కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. పచ్చి వాసన పోయేదాకా ఉడకాలి, లేకపోతే గొంతులో పట్టేస్తుంది. చల్లారితే చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద పల్చగా ఉన్నప్పుడే దించండి.

కారం విషయంలో గుంటూరు వాళ్ల పక్కన ఉన్నందుకు మనం అదృష్టవంతులం. మిర్చి యార్డుకి కొత్త కాయ ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఏడాదికి సరిపడా కారం అప్పుడే ఆడించుకోవడం మంచిది. తేజ రకం కాయ చిన్నది, ఘాటు బాగా ఎక్కువ. సన్నం దానికన్నా తక్కువ ఘాటుతో మంచి ఎరుపుతో ఉంటుంది. ఎర్ర చట్నీకి నేను సన్నమే వాడతాను, పిల్లలు కూడా తినగలరు.

అల్లప్పచ్చడి ఒకసారి చేస్తే ఫ్రిజ్‌లో పది రోజులు ఉంటుంది. అల్లం, చింతపండు, బెల్లం దాదాపు సమానంగా, ఎండుమిర్చి మీ ఓపికని బట్టి. అల్లం ముక్కల్ని నూనెలో పచ్చి పోయేదాకా వేయించి, చింతపండుని వేడినీళ్లలో నానబెట్టి రుబ్బండి. పచ్చి నీళ్లు తగలనివ్వకండి, తడి చెంచా పెట్టకండి.

మిర్చి బజ్జీ, దాంతోనే ముంత మసాలా

పిండి లేని రోజు ఇది. బజ్జీ మిర్చి లావుగా, లేత ఆకుపచ్చగా, వంకర లేకుండా ఉన్నవి ఏరుకోండి. కాళేశ్వరరావు మార్కెట్లో కానీ గుంటూరు కొల్లి శారద మార్కెట్లో కానీ పొద్దున్నే వెళ్తే తాజావి దొరుకుతాయి. నిలువునా ఒక గాటు పెట్టి గింజలు తీసేసి, చిక్కటి చింతపండు గుజ్జులో నూరిన వాము, ఉప్పు కలిపి లోపల పల్చగా రాయండి. కాయ ఘాటు తగ్గేది ఈ పులుపుతోనే. శనగపిండి రెండు గ్లాసులు, బియ్యప్పిండి రెండు చెంచాలు, ఉప్పు, కొంచెం కారం, చిటికెడు సోడా. ఇక్కడ సోడా కావాలి, ఎందుకంటే శనగపిండి పులవలేదు. నీళ్లు కలిపి, చేత్తో ఒకే వైపు మూడు నాలుగు నిమిషాలు గిలక్కొట్టండి, పిండి రంగు కొంచెం తేలికపడుతుంది. కాయని ముంచి తీస్తే పిండి పూతలా పట్టి ఉండాలి, కాయ రంగు కనపడకూడదు.

కట్ మిర్చి కావాలంటే ఒకసారి లేత రంగుకి వేయించి తీసి, చల్లారాక నాలుగు ముక్కలు కోసి, బాగా కాగిన నూనెలో ఇంకోసారి వేయించండి. కోసిన పక్కలు కూడా కరకరలాడతాయి. పైన ఉల్లిపాయ, నిమ్మరసం, కొత్తిమీర.

మిగిలిన బజ్జీలుంటే తుంపి, మరమరాలు, వేయించిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కారం, ఉప్పు గిన్నెలో వేసి, నిమ్మరసం పిండి, గరిటెతో గబగబా కలపండి. ముంత మసాలా అయిపోయింది. నిమిషంలో తినెయ్యాలి, లేకపోతే మరమరాలు మెత్తబడిపోతాయి.

నూనె గురించి కూడా ఒక మాట. వేయించాక చల్లార్చి, పల్చటి గుడ్డతో వడకట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకో కూరలకో వాడెయ్యండి. మళ్లీ మళ్లీ వేయించడానికి వాడొద్దు. నల్లబడి, నురగ వస్తుంటే పారబొయ్యండి, ఎంత ఖరీదైనా సరే.

డబ్బాకి, తేలికపాటి మధ్యాహ్నానికి

ఉప్పుడుపిండి మా ఇంట్లో శనివారం రాత్రి ఫలహారం, కానీ మధ్యాహ్నానికి కూడా చాలా హాయిగా ఉంటుంది. పోపు వేసి, ఒక గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు పోసి, అరగంట నానిన పెసరపప్పు రెండు చెంచాలు, ఉప్పు వేసి మరగనివ్వండి. మరిగాక రవ్వ పోస్తూ కలిపి, మూత పెట్టి సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు. పొడిపొడిగా రావాలి. అడుగున ఎర్రగా పట్టిన పొర గీరి తినడానికి మా పిల్లలు పోటీ పడతారు, దాని కోసం చివర్లో చెంచా నూనె అంచుల వెంట వేసి ఇంకో మూడు నిమిషాలు ఉంచుతాను.

నిమ్మకాయ పులిహోరకి అన్నం ముందే పళ్లెంలో ఆరబోసి, పసుపు, ఉప్పు, చెంచా నూనె కలిపి పెట్టండి, సాంబమసూరి దీనికి చక్కగా ఉంటుంది. పోపు దించి కొంచెం చల్లారాకే నిమ్మరసం కలపాలి, పొయ్యి మీద ఉండగా పిండితే చేదు వస్తుంది. గింజ పడినా చేదే, కాబట్టి వడకట్టండి.

ఎండల్లో డబ్బాకి నా మొదటి ఓటు దద్దోజనానికి. చాలామంది పొద్దున్నే అన్నంలో పెరుగు కలిపి పంపిస్తారు, ఒంటిగంటకి మూత తీసేసరికి అది పుల్లటి ముద్ద అయిపోయి పిల్లలు తినకుండా తెచ్చేస్తారు. అన్నం మామూలుకన్నా మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడే గరిటె వెనకతో మెదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, కమ్మటి పెరుగు రెండు చెంచాలు మాత్రమే కలపండి. అన్నం వేడిగా ఉండగా పెరుగు వెయ్యొద్దు, విరిగిపోతుంది. పొద్దున ఏడున్నరకి పల్చగా పాయసంలా కనిపించినా కంగారు పడకండి, మధ్యాహ్నానికి ఆ పాలు డబ్బాలోనే తోడుకుని సరిగ్గా కుదురుతుంది. ఆవాలు, అల్లం, ఒక ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి, దానిమ్మ గింజలు కానీ, కీరదోస ముక్కలు కానీ విడిగా చిన్న డబ్బాలో పెట్టండి, తినే ముందు కలుపుకుంటారు. మే నెలలో అయితే ఇంకో గరిటె పాలు ఎక్కువ పొయ్యండి, డబ్బాని తడి గుడ్డలో చుట్టి సంచీలో పెట్టండి.